బీపీ మందుల కంపెనీల్లో పెట్టుబడి: రోగుల లెక్కకూ లాభాల లెక్కకూ పొంతన ఎందుకు కుదరదు

2022 నవంబరు చివర్లో అమెరికా స్టాక్ మార్కెట్‌లో సిన్‌కార్ ఫార్మా అనే చిన్న కంపెనీ షేరు ఒక్కరోజులో దాదాపు సగానికి పడిపోయింది. ఆ కంపెనీ ఆశలన్నీ బాక్స్‌డ్రోస్టాట్ అనే ఒకే మందు మీద ఉన్నాయి. రక్తపోటు రోగులపై జరిపిన ప్రయోగంలో ఆ మందు ఉత్తుత్తి మాత్ర (పోలిక కోసం ఇచ్చే, మందు లేని మాత్ర) కన్నా మెరుగని తేలలేదు. అంతకు మూడు నెలల ముందు జరిగిన మరో ప్రయోగంలో అదే మందు బాగా పనిచేసిందన్న వార్త వచ్చింది. షేరు పడిన ఆరు వారాలకు, 2023 జనవరిలో, ఆస్ట్రాజెనెకా ఆ కంపెనీని షేరుకు 26 డాలర్ల చొప్పున కొంటున్నట్లు ప్రకటించింది. అప్పటి మార్కెట్ ధర 11.78 డాలర్లు మాత్రమే.

భయపడి అమ్ముకున్నవారి ముందు, రెట్టింపుకు పైగా ధర పెట్టిన ఆస్ట్రాజెనెకా ముందు ఉన్నవి ఒకే ప్రయోగాల ఫలితాలు. వాటిని చదివిన తీరులోనే తేడా వచ్చింది. రక్తపోటు చికిత్సను అభివృద్ధి చేసే కంపెనీల్లో డబ్బు పెట్టాలనుకునే వారికి ఈ తేడా అర్థం కావడం చాలా అవసరం. ఈ రంగం గురించి వినిపించే మొదటి మాట ‘కోట్లాది మంది రోగులున్నారు, కాబట్టి మార్కెట్ పెద్దది’ అన్నది. దారి తప్పేది కూడా అక్కడే.

క్లుప్తంగా

రక్తపోటు రోగుల్లో అత్యధికులకు చవకైన పాత మందులే సరిపోతాయి. కొత్త మందుకు దక్కేది మూడు మందులు వాడినా బీపీ అదుపులోకి రానివారు, పాత మందులు పడనివారు. ప్రయోగాల్లో ఉత్తుత్తి మాత్ర వాడినవారికి కూడా బీపీ తగ్గడం వల్ల ఫలితాలు తరచూ తారుమారవుతాయి. అనుమతి వచ్చినంత మాత్రాన అమ్మకాలు రావు. భారతీయ కంపెనీల్లో బీపీ వ్యాపారం చాలావరకు జెనరిక్‌లది, అంటే పేటెంటు ముగిశాక ఇతర కంపెనీలు తయారుచేసే అదే మందులది; దాని లాభనష్టాల సూత్రం పూర్తిగా వేరు.

రోగులు ఎందరు, కొత్త మందు కొనేవారు ఎందరు

ప్రపంచంలో 30 నుంచి 79 ఏళ్ల వయసువారిలో సుమారు 128 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో లెక్క కట్టింది. వారిలో 46 శాతం మందికి తమకు జబ్బు ఉన్నట్టే తెలియదు. బీపీ అదుపులో ఉన్నది దాదాపు ఐదుగురిలో ఒకరికి. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా చేయించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో వయోజనుల్లో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉంది.

పెట్టుబడిదారులకు చూపించే ప్రతి ప్రదర్శనలోనూ ఇలాంటి అంకెలు ముందు వరుసలో ఉంటాయి. అవి అబద్ధాలు కావు. కానీ బీపీ అదుపులో లేనివారిలో ఎక్కువమంది సమస్య మందు లేకపోవడం కాదు. కొందరు ఎప్పుడూ బీపీ చూపించుకోలేదు. కొందరు తలనొప్పి తగ్గగానే మాత్ర మానేశారు. కొందరికి నెలనెలా మందు తెచ్చుకునే వీలు లేదు. 2017లో తెలంగాణ సహా ఐదు రాష్ట్రాల్లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఈ లోపాన్ని సరిచేయడానికే పుట్టింది. అందులో వాడేవి ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోన్ వంటి పాత మందులు. ఆ కార్యక్రమం బలమంతా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మాత్రలు అయిపోకుండా చూడటంలో, ఆరోగ్య కార్యకర్త రోగిని మళ్లీ పిలిపించడంలో ఉంది. ప్రజారోగ్యానికి ఇంతకన్నా విలువైన పని మరొకటి ఉండదు. కానీ దానివల్ల కొత్త మందు అణువును కనిపెట్టిన కంపెనీ షేరుకు వచ్చేది ఏమీ లేదు.

కాబట్టి కొత్త మందుకు మిగిలేది ‘మొండి రక్తపోటు’. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందుతో కలిపి మూడు రకాలు వాడుతున్నా బీపీ దిగనివారిని వైద్యులు ఈ కోవలో చేరుస్తారు. చికిత్స పొందుతున్నవారిలో వీరి వాటా సుమారు పదో వంతు. వారిలోనూ కొందరు నిజానికి మాత్రలు సరిగా వేసుకోనివారు. మరికొందరికి డాక్టరును చూడగానే బీపీ పెరుగుతుంది, ఇంటికి వెళితే మామూలుగా ఉంటుంది.

నిర్వచనం మారితే మార్కెట్ మారుతుందన్నది కూడా గమనించాలి. 2017లో అమెరికా హృద్రోగ సంఘాలు రక్తపోటు గీతను 140/90 నుంచి 130/80కి దించాయి. ఆ ఒక్క నిర్ణయంతో అమెరికా వయోజనుల్లో రోగుల వాటా 32 శాతం నుంచి 46 శాతానికి పెరిగింది. అయితే అలా కొత్తగా చేరినవారిలో చాలామందికి వైద్యులు చెప్పింది ఉప్పు తగ్గించమని, నడవమని. మాత్ర అవసరమైనవారికి కూడా ముందుగా రాసేది పాత మందులే.

పేటెంటు ఉన్నంతకాలం

బీపీ మందులు ఒకప్పుడు ఔషధ పరిశ్రమకు కామధేనువులు. బ్రెజిల్‌లోని ఒక జాతి పాము విషంపై జరిగిన పరిశోధన ఆధారంగా స్క్విబ్ కంపెనీ తయారుచేసిన క్యాప్టోప్రిల్‌కు అమెరికాలో 1981లో అనుమతి వచ్చింది. తర్వాత ఫైజర్ వారి ఆమ్లోడిపిన్, నోవార్టిస్ వారి వాల్సార్టాన్ వచ్చాయి. నార్వాస్క్ పేరుతో అమ్మిన ఆమ్లోడిపిన్ 2006లో ఫైజర్‌కు దాదాపు 490 కోట్ల డాలర్లు తెచ్చిపెట్టింది. 2007 మార్చిలో అమెరికాలో జెనరిక్ రావడంతో ఆ ఏడాది అమ్మకాలు సుమారు 300 కోట్లకు జారిపోయాయి. డయోవాన్ పేరుతో అమ్మిన వాల్సార్టాన్ 2010లో 600 కోట్ల డాలర్లు దాటింది. దాని అమెరికా పేటెంటు 2012 సెప్టెంబరులో ముగిసినా జెనరిక్ మాత్ర 2014 వరకు రాలేదు. మొదటి జెనరిక్ హక్కు పొందిన భారతీయ కంపెనీ రాన్‌బాక్సీ తన కర్మాగారాల నాణ్యత సమస్యల వల్ల అనుమతి పొందలేకపోయింది. ఆ ఆలస్యం నోవార్టిస్‌కు కలిసొచ్చింది.

ఈ కథలో హైదరాబాద్‌కూ ఒక పేజీ ఉంది. ఫైజర్ మాత్రలో ఉన్నది ఆమ్లోడిపిన్ బెసిలేట్ అనే లవణం. డాక్టర్ రెడ్డీస్ దానికి బదులు మాలియేట్ లవణంతో ఆమ్‌వాజ్ అనే మందును తయారుచేసి, పొడిగించిన పేటెంటు తనకు వర్తించదని వాదించింది. 2002లో కింది కోర్టు ఆ వాదనను ఒప్పుకుంది. 2003లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి కూడా ఇచ్చింది. 2004 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు మాత్రం పేటెంటు పొడిగింపు ఆమ్లోడిపిన్ అనే అణువు మొత్తానికీ వర్తిస్తుందని తీర్పు చెప్పింది. మందు సిద్ధంగా ఉంది, అనుమతి చేతిలో ఉంది, అయినా అమ్మకం ఆగిపోయింది. ఔషధ షేరు విలువలో ప్రయోగశాలకు ఎంత పాలు ఉందో కోర్టుకూ అంతే పాలు ఉంటుందని ఆనాటి వాటాదారులకు అనుభవంలోకి వచ్చింది.

పేటెంట్లు ముగిశాక ఈ మందులన్నీ కొద్ది రూపాయల మాత్రలయ్యాయి. కొత్తగా వచ్చే ప్రతి కంపెనీ ఇప్పుడు పోటీ పడాల్సింది వాటితోనే. దశాబ్దాల వాడకంతో భద్రత రుజువైన, గుండెపోటును, పక్షవాతాన్ని తగ్గిస్తాయని పెద్ద ప్రయోగాల్లో తేలిన మందులవి. వాటిని దాటి రోగి చేత, బీమా కంపెనీ చేత ఎక్కువ ధర పెట్టించడం చాలా కష్టం.

పేటెంట్ల గడువుతో పాటు వరుస వైఫల్యాలు కూడా పెద్ద కంపెనీలను ఈ రంగం నుంచి దూరం చేశాయి. రోష్ తెచ్చిన మిబెఫ్రాడిల్ 1997లో మార్కెట్‌లోకి వచ్చి, ఇతర మందులతో కలిసినప్పుడు ప్రమాదకరమని తేలడంతో ఏడాదికే వెనక్కి వెళ్లింది. బ్రిస్టల్ మైయర్స్ స్క్విబ్ ఎంతో ఆశ పెట్టుకున్న ఒమాపాట్రిలాట్ ముఖం, గొంతు వాపు సమస్యతో 2002లో ఆగిపోయింది. గిలియడ్ 2006లో సుమారు 250 కోట్ల డాలర్లతో కొన్న మయోజెన్ చేతిలోని డారుసెంటాన్ 2009 చివర్లో ప్రయోగాల చివరి దశలో దెబ్బతింది. నోవార్టిస్ వారి అలిస్కిరెన్‌కు 2007లో అనుమతి వచ్చినా, మధుమేహ రోగులపై చేపట్టిన పెద్ద ప్రయోగాన్ని 2011 డిసెంబరులో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. రక్తపోటు రోగి బయటికి ఆరోగ్యంగానే కనిపిస్తాడు, మందు జీవితాంతం వేసుకుంటాడు. అందుకే క్యాన్సర్ మందుకు సర్దుకుపోయే దుష్ఫలితాలను నియంత్రణ సంస్థలు బీపీ మాత్రలో ఒప్పుకోవు.

కాలువ చివరి తూము: ఆల్డోస్టిరాన్

ఇప్పుడు మళ్లీ డబ్బు ఎందుకు వస్తోందో తెలియాలంటే శరీరంలో బీపీని పెంచే వరుసను చూడాలి. దాన్ని ఒక కాలువ అనుకుంటే, కాలేయంలో తయారయ్యే యాంజియోటెన్సినోజెన్ దాని తల దగ్గర ఉంటుంది. మధ్యలో అది యాంజియోటెన్సిన్‌గా మారి రక్తనాళాలను బిగిస్తుంది. చివర్లో అడ్రినల్ గ్రంథి నుంచి ఆల్డోస్టిరాన్ విడుదలై, ఉప్పును, నీటిని బయటికి పోనివ్వకుండా మూత్రపిండాల చేత పట్టి ఉంచుతుంది. ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ వంటి మందులు మధ్య తూమును మూస్తాయి. కానీ కొంతకాలానికి కొందరిలో ఆల్డోస్టిరాన్ వేరే దారిలో మళ్లీ పెరుగుతుంది. మొండి రక్తపోటుకు ఇదొక ముఖ్య కారణం.

ఆల్డోస్టిరాన్ పనిని అడ్డుకునే పాత మందు స్పైరనోలాక్టోన్ ఉండనే ఉంది. మొండి రక్తపోటులో నాలుగో మందుగా అదే మెరుగని బ్రిటన్‌లో జరిగిన పాత్‌వే-2 ప్రయోగం 2015లో తేల్చింది. అది చవక. అయితే మగవారిలో రొమ్ము వాపు, అందరిలోనూ పొటాషియం పెరిగే ప్రమాదం దాని లోపాలు. కొత్త కంపెనీలు ఆల్డోస్టిరాన్ పనిని అడ్డుకోవడానికి బదులు దాని తయారీనే ఆపాలని చూస్తున్నాయి. ఇందులో చిక్కు ఏమిటంటే, ఆల్డోస్టిరాన్‌ను తయారుచేసే ఎంజైము, ప్రాణాధారమైన కార్టిసాల్‌ను తయారుచేసే ఎంజైము దాదాపు కవలలు. నోవార్టిస్ గతంలో చేసిన ప్రయత్నం ఇక్కడే తడబడింది. ఆ అణువు కార్టిసాల్‌ను కూడా తగ్గించింది. బీపీ మందుగా పనికిరాని అదే గుణం వల్ల, కార్టిసాల్ అతిగా తయారయ్యే కుషింగ్ జబ్బుకు ఆసిలోడ్రోస్టాట్ పేరుతో మందుగా స్థిరపడింది.

బాక్స్‌డ్రోస్టాట్ కార్టిసాల్ జోలికి పోకుండా ఆల్డోస్టిరాన్‌ను తగ్గించగలిగింది. 2022 ఆగస్టులో వచ్చిన మొదటి ఫలితంలో రెండు మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవారికి బీపీలో పై సంఖ్య (140/90లో 140 లాంటిది) 20 మిల్లీమీటర్లు తగ్గింది. ఉత్తుత్తి మాత్ర వాడినవారికి తగ్గింది 9. అంటే తేడా 11. నవంబరులో దెబ్బతిన్న రెండో ప్రయోగంలోనూ మందు తీసుకున్నవారి బీపీ దాదాపు అంతే తగ్గింది. కానీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికీ సుమారు 16 మిల్లీమీటర్లు దిగిపోయింది. చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు.

ఉత్తుత్తి మాత్రతో బీపీ ఎలా తగ్గుతుంది? ప్రయోగంలో చేరిన రోజున బీపీ ఎక్కువగా ఉన్నవారినే ఎంచుకుంటారు. ఆ రోజు అనుకోకుండా ఎక్కువ చూపినవారికి తర్వాత సహజంగానే తగ్గుతుంది. పైగా ప్రయోగంలో ఉన్నామన్న స్పృహతో మానేసిన పాత మాత్రలు మళ్లీ వేసుకుంటారు, ఉప్పు తగ్గిస్తారు. కాబట్టి ‘మా మందుతో 20 మిల్లీమీటర్లు తగ్గింది’ అన్న ప్రకటనకు విలువ లేదు. ఉత్తుత్తి మాత్ర తగ్గించినదాన్ని తీసేయగా మిగిలినదే మందు సత్తా. కొనుగోలు ప్రకటించిన ఆస్ట్రాజెనెకా లెక్క కూడా ఇదే అయి ఉండాలి: పనిచేయనిది మందు కాదు, ఆ ప్రయోగం నడిచిన తీరు. ఆ కంపెనీకి మరో అవసరం కూడా ఉంది. తన ప్రధాన ఆదాయ వనరుల్లో ఒకటైన డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ల గడువు అప్పటికే ముగింపు దశకు వస్తోంది. బాక్స్‌డ్రోస్టాట్‌తో కలిపి ఒకే మాత్రగా మూత్రపిండాల జబ్బుకు ఇవ్వగలిగితే ఆ వ్యాపారం ఆయుష్షు పెరుగుతుంది. చిన్న కంపెనీ షేరుదారు చేతిలో లేని లెక్క ఇది.

2025 ఆగస్టులో యూరప్ హృద్రోగ వైద్యుల మహాసభలో వెల్లడైన మూడో దశ (అనుమతికి ముందు జరిపే చివరి దశ) ప్రయోగ ఫలితం ఆ అంచనాను నిలబెట్టింది. దాదాపు 800 మందిపై 12 వారాల తర్వాత, ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే రెండు మిల్లీగ్రాముల మోతాదు పై సంఖ్యను 9.8 మిల్లీమీటర్లు అదనంగా తగ్గించింది.

ఇదే దారిలో నడుస్తున్న మరో అణువు లోరండ్రోస్టాట్. మిత్సుబిషి తనాబే నుంచి హక్కులు తీసుకున్న మినరాలిస్ కంపెనీ 2023 ఫిబ్రవరిలో షేరుకు 16 డాలర్ల ధరతో పబ్లిక్ ఇష్యూకు వచ్చింది. 2025 మార్చిలో రెండు కీలక ప్రయోగాలు నెగ్గాయి. వెయ్యి మందికి పైగా పాల్గొన్న ఒకదానిలో తేడా ఆరో వారానికి 9.1 మిల్లీమీటర్లు. కేవలం బీపీ మందు మీదే పందెం కాయాలనుకునేవారికి ఇలాంటి ఒకే మందు కంపెనీలు తప్ప వేరే దారి తక్కువ. ఇదే వరుసలో ముందున్న బోరింగర్ ఇంగెల్‌హైమ్ కుటుంబ సంస్థ, దాని షేర్లు మార్కెట్‌లో దొరకవు. ఆస్ట్రాజెనెకా వంటి మహాసంస్థ షేరు కొంటే బీపీ మందు అందులో ఒక చిన్న ముక్క. షేరును నడిపించేది ప్రధానంగా క్యాన్సర్ మందులు.

సూది, తీగ

మాత్ర రోజూ వేసుకోవడమే అసలు సమస్య అయితే, ఆరు నెలలకోసారి సూది చాలదా? ఆల్నైలం కంపెనీ జిలెబెసిరాన్ ఆలోచన ఇదే. కాలేయంలో యాంజియోటెన్సినోజెన్ తయారీని జన్యు సందేశం స్థాయిలో తగ్గించి, కాలువను తల దగ్గరే కట్టేస్తుంది. 2023 జులైలో రోష్ దీనికి 31 కోట్ల డాలర్లు ముందుగా చెల్లించింది. మైలురాళ్లన్నీ దాటితే మొత్తం 280 కోట్ల డాలర్ల వరకు వెళ్లే ఒప్పందమిది. ఇలాంటి వార్తల్లో పెద్ద సంఖ్యే శీర్షికకు ఎక్కుతుంది. చేతికి వచ్చినట్టు లెక్కించాల్సింది చిన్న సంఖ్యను. 2025లో వెలువడిన ఒక రెండో దశ ప్రయోగం గణాంక ప్రమాణాన్ని అందుకోలేకపోయినా కంపెనీలు వెనక్కి తగ్గలేదు. దాదాపు 11,000 మందితో, గుండెపోటు, పక్షవాతం వంటివి తగ్గుతాయా అని చూసే ప్రయోగానికి సిద్ధమయ్యాయి.

మూత్రపిండ ధమనుల చుట్టూ ఉన్న నరాలను సన్నని తీగ ద్వారా వేడితో నిర్వీర్యం చేసే పద్ధతి కథ ఇంకా పాతది. మెడ్‌ట్రానిక్ 2010లో 80 కోట్ల డాలర్ల ముందస్తు ధరకు ఆర్డియన్ కంపెనీని కొనడానికి ఒప్పుకుంది. 2014 జనవరిలో, రోగికి తెలియకుండా ఉత్తుత్తి ప్రక్రియతో పోల్చి చూసిన ప్రయోగం విఫలమైంది. తీగను, పద్ధతిని మార్చి మళ్లీ ప్రయోగాలు చేస్తే ఎఫ్‌డీఏ అనుమతి 2023 నవంబరులో వచ్చింది, జపాన్ కంపెనీ ఒట్సుకాకు చెందిన రీకార్ పరికరానికి వచ్చిన కొద్ది రోజులకే. కొన్న నాటి నుంచి పదమూడేళ్లు. ఒక పెద్ద కంపెనీ అంతకాలం ఓపిక పట్టగలదు. అప్పు మీద నడిచే చిన్న కంపెనీ పట్టలేదు.

అనుమతి తర్వాత

అనుమతి వచ్చినంత మాత్రాన అమ్మకాలు రావనడానికి స్విట్జర్లాండ్ కంపెనీ ఇడోర్సియా అనుభవం నిదర్శనం. దాని అప్రోసిటెంటాన్‌కు 2024 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. రక్తపోటులో కొన్ని దశాబ్దాల తర్వాత వచ్చిన కొత్త తరహా మందుగా దానికి గుర్తింపు దక్కింది. అయితే ప్రధాన ప్రయోగంలో నాలుగు వారాలకు ఉత్తుత్తి మాత్రతో తేడా 3.8 మిల్లీమీటర్లే. గర్భస్థ శిశువుకు హాని కలుగుతుందన్న తీవ్ర హెచ్చరిక కూడా ఉంది. భాగస్వామి జాన్సన్ అండ్ జాన్సన్ 2023లోనే హక్కులను తిరిగి ఇచ్చేసింది. అనుమతి నాటికే ఇడోర్సియా అప్పులతో, ఉద్యోగాల కోతతో సతమతమవుతోంది. లక్షలాది సాధారణ వైద్యుల వద్దకు కొత్త బీపీ మందును తీసుకెళ్లాలంటే పెద్ద అమ్మకాల బలగం కావాలి. అరుదైన జబ్బు మందుకు కొన్ని వందల మంది నిపుణులను కలిస్తే చాలు. బీపీకి అలా కుదరదు.

మన మార్కెట్‌లో కనిపించే షేర్లు

ముందుగా ఒక పొరపాటును తొలగించుకోవాలి. భారత స్టాక్ ఎక్స్ఛేంజీల్లో నమోదైన ఆస్ట్రాజెనెకా ఫార్మా ఇండియా వేరు, బాక్స్‌డ్రోస్టాట్ యజమాని అయిన బ్రిటన్ మాతృసంస్థ వేరు. ఇక్కడి షేరు కొంటే దక్కేది ఇక్కడి వ్యాపారంలో వాటా మాత్రమే. ఫైజర్ పేరుతో ఇక్కడున్న కంపెనీకీ ఇదే వర్తిస్తుంది.

భారతీయ కంపెనీల బీపీ వ్యాపారం ఎక్కువగా బ్రాండెడ్ జెనరిక్‌లది, అంటే కంపెనీ సొంత బ్రాండు పేరుతో అమ్మే జెనరిక్‌లది. గ్లెన్‌మార్క్ వారి టెల్మిసార్టాన్ బ్రాండు టెల్మా ఇందుకు తెలిసిన ఉదాహరణ. రోగి ఒకసారి మొదలుపెడితే ఏళ్లతరబడి అదే మాత్ర కొంటాడు కాబట్టి ఆదాయం నిలకడగా ఉంటుంది. మార్కెట్ కూడా ఇలాంటి దీర్ఘకాలిక జబ్బుల మందులకు ఎక్కువ విలువ కడుతుంది. మరోవైపు, ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ వంటివి అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నందున 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు కింద వాటికి గరిష్ఠ ధర ఉంటుంది. టోకు ధరల సూచీ కదిలిన మేరకే ఏటా ఆ ధర కదులుతుంది. రోగికి ఇది రక్షణ. వాటాదారు మాత్రం లాభం పెరగాలంటే అమ్మకాల పరిమాణం పెరగాలని గుర్తుంచుకోవాలి.

ఎగుమతి కంపెనీలకు అసలు ప్రమాదం నాణ్యతలో ఉంది. 2018 జులైలో చైనాలోని జెజియాంగ్ హువాహై తయారుచేసిన వాల్సార్టాన్‌లో క్యాన్సర్ కారకమని భావించే నైట్రోసమైన్ బయటపడింది. తయారీ పద్ధతిని మార్చినప్పుడు పుట్టిన మలినం అది. పరీక్షలు విస్తరించే కొద్దీ హైదరాబాద్ కంపెనీలు హెటిరో, అరబిందో సరఫరా చేసిన కొన్ని బ్యాచ్‌లను కూడా అమెరికాలో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అదే సమయంలో సరుకు కొరత ఏర్పడి, మలినం లేని వాల్సార్టాన్ ఉన్న తయారీదారులకు గిరాకీ పెరిగింది. కొత్త మందు కంపెనీకి క్లినికల్ ప్రయోగ ఫలితం ఎంత ముఖ్యమో, జెనరిక్ కంపెనీకి కర్మాగార తనిఖీ నివేదిక అంత ముఖ్యం.

విదేశీ షేర్లు నేరుగా కొనాలంటే రిజర్వ్ బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై 20 శాతం పన్నును ముందుగానే వసూలు చేస్తారు. రిటర్ను దాఖలు చేసినప్పుడు దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు.

ఫలితాల ప్రకటనలో చూడాల్సినవి

ఉత్తుత్తి మాత్రతో తేడా ఎంత అన్నది మొదటి ప్రశ్న. ఆ బీపీని ఆసుపత్రిలో ఒక్కసారి చూశారా, లేక రోజంతా చేతికి కట్టిన యంత్రంతో 24 గంటల సగటు తీశారా అన్నది రెండోది. ఇరవై నాలుగు గంటల కొలతలో ఉత్తుత్తి మాత్ర ప్రభావం చాలా తక్కువ కనుక ఆ ఫలితం నమ్మదగినది. ఆల్డోస్టిరాన్ మందులైతే పొటాషియం ఎందరికి పెరిగింది, ఎందరు మధ్యలో మానేశారు అన్న వివరం ప్రకటన చివరి పేరాల్లో ఉంటుంది. స్పైరనోలాక్టోన్‌ను ఓడించగలదో లేదో చెప్పేవి ఆ పేరాలే. చిన్న కంపెనీ అయితే చేతిలోని నగదు తదుపరి ప్రయోగం పూర్తయ్యేదాకా సరిపోతుందా అని త్రైమాసిక లెక్కల్లో చూడాలి. సరిపోకపోతే మంచి ఫలితం వచ్చిన మర్నాడే కొత్త షేర్లు జారీచేసి డబ్బు సమీకరిస్తారు, పాత వాటాదారు వాటా పలచబడుతుంది.

ఈ కొత్త మందులన్నిటి విషయంలో తేలాల్సిన ప్రశ్న మరొకటి ఉంది. ఇప్పటిదాకా అవి చూపించింది బీపీ అంకె తగ్గడం. అనుమతికి అది చాలు. గుండెపోటు, పక్షవాతం, మూత్రపిండాల వైఫల్యం తగ్గాయని రుజువయ్యేది వేలమందిపై ఏళ్లతరబడి సాగే ప్రయోగాల్లోనే. ఆ రుజువు చేతికి వచ్చేదాకా, ముందు స్పైరనోలాక్టోన్ వాడి చూశారా అని అమెరికా బీమా కంపెనీలు వైద్యుణ్ణి అడగగలవు. కొత్త మందు అమ్మకాలు ఎంత వేగంగా పెరుగుతాయన్నది ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది.